పడవలో మూడక్షరాలు

సాయంత్రం ఆరింటికి
సింగ్‌నగర్ పైపుల రోడ్డు పక్క సందులో
కరెంటు పోకపోతే
నా గుమ్మం ముందు ఏడు జతల చెప్పులుంటాయి.
కుడిదీ ఎడమదీ ఏనాడూ సరిగ్గా ఉండవు.

నేను మేష్టర్ని కాను.
ముప్ఫయ్యేళ్లు బోర్డులు రాశాను.
ఆటోనగర్లో లారీల వెనక 'దూరం పాటించుము',
బీసెంటు రోడ్డులో చీరల కొట్లకి నిలువెత్తు అక్షరాలు,
ఒక్కో కొమ్ముకి పావు డబ్బా ఎనామిల్ తాగేవి.
ఫ్లెక్సులొచ్చాక
నా బ్రష్షులు కిరసనాయిల్లో నానీ నానీ
జుట్టు రాలిపోయాయి, నాలాగే.

ఇప్పుడు యూకేజీ పిల్లలకి
రెండక్షరాల మాటలు, మూడక్షరాల మాటలు.
కొమ్ముల్లేవు, గుడుల్లేవు, ఒత్తులు అసలే లేవు.
అల. వల. తల.
పలక. గడప. నడక.
ముందు బిళ్లల్లా నోట్లో వేసుకుని చప్పరిస్తారు,
నాలుక బయటపెట్టి
తర్వాత రాస్తారు.

తేజోమయి గడపలో గ-కి తలకట్టు పెట్టదు.
"సాయంత్రం కదా తాతా, టోపీ ఎందుకు?"
ఇమ్మానుయేలు ఎక్కడ ర కనబడినా
మధ్యలో చుక్క పెడతాడు.
ఠ అయిపోయిందిరా అంటే
దిష్టి తగలకుండా అంటాడు.

నవ్వొచ్చినా నవ్వను.
గవర్నరుపేటలో ఓ హోటలు బోర్డు మీద
నేనే ఒకసారి 'బోజనం' అని రాసి దిగాను.
ఓనరు సగం డబ్బులే చేతిలో పెట్టాడు.
అంత చిన్న గీతకి సగమా బాబూ అన్నాను.
"కింద ఆకు వెయ్యకుండా
అన్నం వడ్డిస్తావా?" అన్నాడు.
ఇప్పటికీ భ రాసేటప్పుడు
ముందు కింది గీతే గీస్తాను.

సుభానీకి మాత్రం పడవ దగ్గరే పేచీ.
పవడ అని రాస్తాడు.
మోచేత్తో చెరుపుతాడు.
మళ్లీ పవడ.
మూడక్షరాలూ ముత్యాల్లా ఉంటాయి, నా చేతికన్నా నయం.
వరసే తప్పు.

"చూడరా, ముందు ప ఎక్కింది,
తర్వాత డ, చివర వ.
ఎక్కిన వరసలోనే కూర్చోవాలి" అన్నాను.
వాడు పలక ఒళ్లో పెట్టుకుని చాలాసేపు చూశాడు.
"మా ఇంటికొచ్చిన పడవలో
మా జేజి మధ్యలో కూచుంది తాతా.
చివర కూచోనంది. భయం."

బుడమేరు మా సందులోకి వచ్చిన ఏడు
వీడింకా చంకలో పిల్లాడు.
నీళ్లు కిటికీ ఊచల దాకా ఎక్కాయి.
మూత బిగించిన రంగు డబ్బాలు
ఒక్కొక్కటీ గుమ్మం దాటి వెళ్లిపోయాయి.
ఎర్రది ఒక్కటే దొరికింది,
నాలుగిళ్ల అవతల ఎవరిదో స్కూటరు సీటు కింద.
గోడ మీద మట్టిగీత మాత్రం పోలేదు.
రెండుసార్లు సున్నం వేశాను, పైకి తేలింది.
ఇక దాని కింద నల్లరంగు పూసి
అదే రూళ్లగీత అనుకోమన్నాను పిల్లల్ని.
ఆ గీతకి వేలాడుతుంటాయి రోజూ
మా అక్షరాలన్నీ.

వాడికేం చెప్పాలో వెంటనే తోచలేదు.
అ నుంచి ఱ దాకా తెలుసు నాకు,
ఇది అందులో లేదు.
"ఇప్పుడు పోయిందా మీ జేజికి భయం?"
ఆలోచించాడు.
"పోయింది. నిన్న
చేపలమ్మితో దెబ్బలాడింది కూడా."
"అయితే చివర కూచోబెట్టు."

బలపం కిర్రుమంది.
ప.
డ.
కాసేపు ఆగి, మెల్లగా, చెయ్యి పట్టుకుని దించినట్టు
వ.

నా జాబితాలో ఇంకో మాట మిగిలి ఉంది.
మూడక్షరాలే. కొమ్ము లేదు, గుడి లేదు,
చాలా తేలిక.
వరద.
ఇంకా చెప్పలేదు పిల్లలకి.
చెప్పిన రోజున
ఇమ్మానుయేలు దాని మధ్యలోనూ చుక్క పెడతాడు.
పెట్టనీ.
ఆ ఒక్కటీ దిద్దను.